నాయకుడి ఆస్తి లెక్క మనం అడగవచ్చా?



మీ పొదుపు సంఘం సమావేశం ఒకసారి గుర్తు చేసుకోండి. అందరూ గుండ్రంగా కూర్చుంటారు. పుస్తకం రాసే అక్క లెక్క పైకి చదువుతుంది. పొదుపు ఎంత వచ్చింది? అప్పు ఎవరు కట్టారు? బ్యాంకులో నిలవ ఎంత? అనుమానం వస్తే అక్కడే అడుగుతారు. "ఆ రెండొందలు ఎక్కడ రాశావు, చూపించు" అంటారు. ఆ అక్క కోపం తెచ్చుకోదు. వేలు పెట్టి చూపిస్తుంది.

అదే మాట సర్పంచిని అడగమంటే మాత్రం నోరు పెగలదు. "పెద్దవాళ్ళ ఇంటి సంగతి మనకెందుకమ్మా" అంటాం.

మా రాత్రి కేంద్రంలో ఒకరోజు పెద్ద లెక్కలు నేర్పుతున్నాను. వందలు, వేలు అయిపోయాయి. లక్షల దగ్గరికి వచ్చాం. ఊరికే అంకెలు రాస్తే ఎవరికీ బుర్రకెక్కడం లేదు. అందుకని సర్పంచి జీతం లెక్క వేద్దామన్నాను. దాన్ని గౌరవ వేతనం అంటారు. తెలంగాణలో అది నెలకు 5,000 ఉండేది. 2021లో 6,500 చేశారు. సర్పంచి పదవి 5 ఏళ్లు. అంటే 60 నెలలు. 6,500ని 60తో గుణించాం. 3,90,000 వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 3,000 లెక్కన వేస్తే 1,80,000 వచ్చింది.

వెనక వరసలో కూర్చున్న ఒక పెద్దమ్మ పలక పక్కన పెట్టింది. "మరి టీచరమ్మా, ఇంటికి వెయ్యి చొప్పున పంచితే ఎంతవుతుంది?" అని అడిగింది. ఊళ్ళో 800 ఇళ్లు అనుకుందాం అన్నాను. గుణించాం. 8,00,000. అందులో విందులు లేవు, మందు లేదు, బండ్ల కిరాయి లేదు.

"ఎనిమిది లక్షలు పెట్టి నాలుగు లక్షలు తెచ్చుకునే వ్యాపారం ఎవరు చేస్తారమ్మా?" అంది పెద్దమ్మ.

నేను సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఆ ప్రశ్నకు జవాబు నా టీచరు ట్రైనింగు పుస్తకాల్లో లేదు. తరువాత అడిగి, చదివి తెలుసుకున్న సంగతులే ఇక్కడ రాస్తున్నాను.

ఎవరిది ఈ హక్కు?

నాయకుడి ఆస్తి సంగతి ప్రజలు తెలుసుకోవచ్చు అనే మాట ఊరికే రాలేదు. కోర్టులో పోరాడితే వచ్చింది.

1999లో అహమదాబాదులో పాఠాలు చెప్పే కొందరు ప్రొఫెసర్లు ఒక సంఘం పెట్టారు. దాని పేరు అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్. వాళ్ళు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. "ఎన్నికల్లో నిలబడే మనిషి మీద కేసులున్నాయా, ఆస్తి ఎంత, ఇవన్నీ ఓటరుకు తెలియాలి" అన్నారు. 2000లో హైకోర్టు ఒప్పుకుంది. ప్రభుత్వం ఒప్పుకోలేదు, సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2002 మే 2న సుప్రీంకోర్టు కూడా ఓటరు పక్షానే తీర్పు చెప్పింది. ఓటు వేసేవాళ్ళకు తెలుసుకునే హక్కు ఉంది అంది.

పార్టీలకు ఇది నచ్చలేదు. ఒక పార్టీ అని కాదు, దాదాపు అందరికీ! ఆ తీర్పు బలం తగ్గించేలా అదే ఏడాది చట్టం మార్చారు. మళ్ళీ కోర్టుకు వెళ్లారు. 2003 మార్చి 13న సుప్రీంకోర్టు ఆ మార్పును కొట్టేసింది. అప్పటి నుంచి ఎమ్మెల్యేకి, ఎంపీకి నిలబడే ప్రతి మనిషీ ప్రమాణ పత్రం ఇవ్వాలి. దాన్నే అఫిడవిట్ అంటారు. మన రెండు రాష్ట్రాల్లో సర్పంచికి నిలబడేవాళ్ళు కూడా నామినేషన్‌తో పాటు ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు రాసి సంతకం పెట్టి ఇవ్వాలి. పంచాయతీ ఎన్నికలు జరిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం.

ఆ కాగితాన్ని బీరువాలో దాచకూడదు. అందరూ చూడడానికే అది. నామినేషన్లు తీసుకునే ఆఫీసులో నోటీసు బోర్డు మీద పెడతారు. ఎమ్మెల్యే, ఎంపీల కాగితాలైతే ఎన్నికల సంఘం వారి వెబ్‌సైటులో ఉంటాయి. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే ఫోనులో తీసి చూపించమనండి.

ఆ కాగితంలో ఏముంటుంది?

మొదటిసారి నేను చూసినప్పుడు నాకే భయం వేసింది. చిన్న అక్షరాలు, పెద్ద మాటలు. కానీ నాలుగైదు మాటలు తెలిస్తే మిగతాది చదవవచ్చు.

చరాస్తి అంటే కదిలే ఆస్తి. చేతిలో ఉన్న నగదు, బ్యాంకులో డబ్బు, బంగారం, బండి, ట్రాక్టరు, భీమా పాలసీ. స్థిరాస్తి అంటే కదలనిది. పొలం, ఇల్లు, ఇంటి స్థలం, దుకాణం. పొలమైతే సర్వే నంబరు, ఎన్ని ఎకరాలు, ఎన్ని గుంటలు అన్నది రాయాలి. తరువాత అప్పులు. తరువాత కేసులు.

వరసలు కూడా చూడాలి. ఒకటి ఆ మనిషిది. ఒకటి భార్యది, లేదా భర్తది. ఒకటి వాళ్ళ మీద ఆధారపడి బతికేవాళ్ళది. నాయకుడి పేర ఏమీ లేకుండా భార్య పేర పది ఎకరాలు ఉండవచ్చు. కాబట్టి మొదటి వరస చూసి ఆగిపోకండి.

గడి ఖాళీగా వదిలేయడం కుదరదు. ఏమీ లేకపోతే "లేదు" అని రాయాలి. ఎమ్మెల్యే, ఎంపీ ఎన్నికల్లో గడులు ఖాళీగా వదిలితే, రాయమన్నా రాయకపోతే, నామినేషన్ తిప్పికొట్టవచ్చని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. వాళ్ళ కాగితంలో 2017 నుంచి సంపాదన ఎక్కడి నుంచి వస్తుందో కూడా రాయాలి. 2019 నుంచి ఐదేళ్ల ఆదాయపు పన్ను లెక్క కూడా చూపాలి.

ఇక్కడ ఒక మాట. ఇంట్లో ప్రతి చెంచా, ప్రతి చీర రాయాలా? అక్కర్లేదు. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. అరుణాచల్ ప్రదేశ్‌లో ఒక ఎమ్మెల్యే ఇంటివాళ్ళ పేర మూడు పాత బండ్లు ఉన్నాయి. ఆయన కాగితంలో వాటిని రాయలేదు. హైకోర్టు ఎన్నిక చెల్లదంది. నిజానికి ఆ బండ్లు అంతకుముందే ఇంకొకరి చేతికి పోయాయి. ఆఫీసు రికార్డులో పేరు మారలేదు, అంతే. సుప్రీంకోర్టు ఆయన ఎన్నిక నిలబెట్టింది. బట్టలు, చెప్పులు, గిన్నెల వంటివి చెప్పనక్కర్లేదని, ఓటరుకు సంబంధం లేని సొంత విషయాలు దాచుకునే హక్కు నాయకుడికీ ఉందని చెప్పింది. కానీ ఖరీదైన గడియారాలు పోగేసుకుంటే? అవి చెప్పాల్సిందే. అవి ఆ మనిషి ఎలా బతుకుతున్నాడో చూపిస్తాయి కాబట్టి.

నాకు ఈ తీర్పు నచ్చింది. మనం వెతికేది దొంగతనం. ఎదుటివాళ్ళ వంటింట్లో తొంగిచూడడం మన పని కాదు.

రెండు కాగితాలు పక్కపక్కన పెట్టాలి

ఒక్క కాగితం చూస్తే ఎక్కువ తెలియదు. అదే మనిషి రెండుసార్లు నిలబడితే రెండు కాగితాలు దొరుకుతాయి. తెలంగాణలో పంచాయతీ ఎన్నికలు 2019 జనవరిలో జరిగాయి. మళ్ళీ 2025 డిసెంబరులో జరిగాయి. ఆ రెండు కాగితాలూ పక్కన పెట్టి చూడవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఫిబ్రవరి నాటివి ఉంటాయి.

అప్పుడు రూపాయలు మాత్రమే చూస్తే మోసపోతాం. ఊహకు ఒక లెక్క చెబుతాను. ఒకామెకు 2019లో పది తులాల బంగారం ఉంది. 2025లోనూ అదే పది తులాలు. కొత్తగా గొలుసు కూడా కొనలేదు. కానీ కాగితంలో విలువ మూడింతలు దాటి ఉంటుంది. ఎందుకు? 2019లో తులం ముప్పై వేల పైచిలుకు. 2025 చివరికి లక్ష దాటిపోయింది. రోడ్డు పడితే పొలం ధర కూడా అలాగే పెరుగుతుంది. అది ఆమె తప్పు కాదు.

అందుకని వస్తువులు లెక్కపెట్టండి. తులాలు ఎన్ని పెరిగాయి? ఎకరాలు ఎన్ని పెరిగాయి? కొత్త ప్లాటు వచ్చిందా? కొత్త కారు ఉందా? కొత్తది కనిపిస్తే, డబ్బు ఎక్కడిది అని చూడాలి. నాన్న నుంచి వచ్చిన పొలం కావచ్చు. బ్యాంకు అప్పుతో కొన్న ట్రాక్టరు కావచ్చు. అప్పుల వరసలో అది కనిపించాలి. పంట బాగా పండి ఉండవచ్చు. ఇవేవీ లేకుండా నెలకు 6,500 జీతంలో మూడంతస్తుల ఇల్లు లేస్తే, అప్పుడు అడగాలి.

బావమరిది పేర, జీతగాడి పేర కొన్న భూమి ఈ కాగితంలో రాదు. దీనికున్న పెద్ద లోటు అదే. కాగితం తీసుకునే ఆఫీసరు కూడా అందులో రాసింది నిజమా కాదా అని ఇల్లిల్లూ తిరిగి చూడడు. ఊళ్ళో వాళ్ళకు తెలిసినంత ఆఫీసరుకు తెలియదు కదా! సర్వే నంబరు తెలిస్తే రిజిస్ట్రేషను ఆఫీసులో ఈసీ తీయించుకోవచ్చు. ఆ భూమి ఎప్పుడు ఎవరి చేతులు మారిందో అందులో ఉంటుంది.

దాచితే ఏమవుతుంది? తమిళనాడులో కోయంబత్తూరు జిల్లాలో తేకంపట్టి అనే పంచాయతీ ఉంది. 2006లో అక్కడ ఒకాయన అధ్యక్షుడిగా గెలిచాడు. సొమ్ము వాడుకున్నాడని ఆయన మీద చాలా చార్జిషీట్లు ఉన్నాయి. కాగితంలో ఒక్క కేసు మాత్రం చెప్పి మిగతావి చెప్పలేదు. ఓడిపోయిన మనిషి కోర్టుకు వెళ్లాడు. 2015లో సుప్రీంకోర్టు ఆ ఎన్నిక చెల్లదంది. కేసులు దాచడమంటే ఓటరును తప్పుదారి పట్టించడమే అని చెప్పింది. ఎక్కడో ఢిల్లీలో పెద్ద కోర్టు ఒక ఊరి పంచాయతీ కాగితం చదివి ఆ మాట చెప్పింది. తీర్పు వచ్చేసరికి తొమ్మిదేళ్లు అయిందనుకోండి. అది వేరే బాధ. ఎమ్మెల్యే, ఎంపీ ఎన్నికల్లో కాగితంలో అబద్ధం రాస్తే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ అని చట్టంలో ఉంది.

ఎన్నికల ఖర్చుకు హద్దు

ఆస్తితో పాటు ఖర్చు సంగతీ ఉంది. ఎన్నికల్లో ఇష్టం వచ్చినంత ఖర్చు పెట్టకూడదు. తెలంగాణలో 5,000 కంటే తక్కువ జనాభా ఉన్న ఊళ్ళో సర్పంచి అభ్యర్థి 1,50,000 దాటకూడదు. పెద్ద ఊరైతే 2,50,000. వార్డు మెంబరుకు 30,000, పెద్ద ఊళ్ళో 50,000. ఎమ్మెల్యేకైతే 2022 నుంచి 40 లక్షలు.

మైకు, కరపత్రాలు, జీపు, జెండాలు, టీలు అన్నీ ఇందులోనే రావాలి. గెలిచినా ఓడినా లెక్క రాసి ఇవ్వాలి. పంచాయతీ ఎన్నికలకు 45 రోజుల్లో ఎంపీడీఓకు ఇవ్వాలి. ఇవ్వకపోతే మూడేళ్లు ఎన్నికల్లో నిలబడకుండా చేయవచ్చు. ఆ లెక్క కాగితం కూడా మనం అడిగి చూడవచ్చు. ఊరంతా మూడు రోజులు విందు తిన్న సంగతి మనకు తెలుసు. కాగితంలో "టీ ఖర్చు 2,000" అని ఉందనుకోండి. మీరే చెప్పండి!

డబ్బు, మందు పంచడం ఏ హద్దులోనూ రాదు. అది నేరం. ఓటుకు డబ్బు ఇవ్వడం నేరం, తీసుకోవడం కూడా నేరమే. ఈ మాట చెప్పినప్పుడు మా కేంద్రంలో అందరూ తలలు దించుకున్నారు. నేను కూడా. మా ఇంట్లోనూ ఆ వెయ్యి వచ్చింది. మా అమ్మ దాన్ని పప్పు డబ్బాలో పెట్టింది. పెద్దమ్మ వేసిన లెక్కలో అదీ ఉంది.

కొన్ని ఊళ్ళలో సర్పంచి పదవికి వేలం పాట పెడతారు. ఎక్కువ పాడినవాళ్ళను ఏకగ్రీవం చేస్తారు. డబ్బు గుడికి ఇస్తాం అంటారు. గుడి మంచిదే. కానీ వేలం పాట చట్టానికి విరుద్ధం. పాట పాడినాయన ఆ డబ్బు ఎక్కడి నుంచి తిరిగి రాబట్టుకుంటాడు? మురుగు కాలువ బిల్లులో, వీధి దీపాల బిల్లులో చూడాలి.

సంతకం మీది అయినప్పుడు

ఇంతవరకూ నాయకుడు అన్నాను. కానీ మన రెండు రాష్ట్రాల్లో పంచాయతీల్లో సగం పదవులు ఆడవాళ్ళవే. రేపు మీలో ఒకరు సర్పంచి కావచ్చు. కావాలి కూడా.

చాలా ఊళ్ళలో జరిగేది మనకు తెలుసు. పేరు భార్యది, పెత్తనం భర్తది. నామినేషన్ నాడు కాగితాలు తెచ్చి "ఇక్కడ పెట్టు, ఇక్కడ పెట్టు" అంటారు. ఆమె పెడుతుంది. ఏం రాశారో చదవదు. పొలం దాచారా, అప్పు దాచారా ఆమెకు తెలియదు. తరువాత చెక్కుల మీద కూడా అలాగే పెడుతుంది. నిధులు పోయాయని విచారణ వస్తే? నోటీసు ఆమె పేరుకు వస్తుంది. రికవరీ ఆమె పేర రాస్తారు. "మా ఆయన పెట్టమన్నాడు" అంటే ఆఫీసరు రాసుకోడు.

మీకు ఇప్పుడు చదవడం వచ్చు. నెమ్మదిగానైనా వచ్చు. సంతకం పెట్టేముందు గంట పట్టినా చదవండి. అర్థం కాని మాట దగ్గర ఆగండి. "తొందరగా కానీ" అని ఎవరైనా అంటే, ఎందుకు తొందర అని అడగండి.

ఎలా అడగాలి?

రాజస్థాన్‌లో కూలి చేసుకునేవాళ్ళ సంఘం ఒకటి ఉంది. మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ దాని పేరు. 1994 డిసెంబరులో పాలీ జిల్లా కోట్ కిరానా అనే ఊళ్ళో వాళ్ళు మొదటి బహిరంగ విచారణ పెట్టారు. పనుల లెక్కలు అందరి ముందు పైకి చదివారు. పనికి రాని మనుషుల పేర కూలి రాసిన సంగతి బయటపడింది. ఆ సంఘంలో కొద్దిగానే చదువుకున్న ఒకామెను ఢిల్లీలో పత్రికలవాళ్ళు అడిగారట, నీకెందుకమ్మా ఈ లెక్కలు అని. కొడుక్కి పది రూపాయలిచ్చి బజారుకు పంపితే తిరిగొచ్చాక లెక్క అడుగుతాను, ప్రభుత్వం ఖర్చు చేసేది నా డబ్బే, నా లెక్క అడగొద్దా అందట ఆమె. అలాంటివాళ్ళ పోరాటం వల్లే 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది.

ఈ చట్టం కింద ఎవరైనా దరఖాస్తు పెట్టవచ్చు. ఎందుకు కావాలో చెప్పనక్కర్లేదు. రాయడం కష్టమైతే నోటితో చెప్పవచ్చు, ఆఫీసరే రాయించాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో చేసిన నియమాల ప్రకారం ఊళ్ళో పంచాయతీ ఆఫీసులో ఫీజు లేదు. మండలంలో 5 రూపాయలు. ఆపైన 10 రూపాయలు. తెల్ల కార్డువాళ్ళు కార్డు నకలు జతచేస్తే ఫీజు లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే పై అధికారికి అప్పీలు చేయవచ్చు.

"ఇది సొంత విషయం, ఇవ్వం" అని తిప్పి పంపవచ్చు. 2025 నవంబరు నుంచి సొంత వివరాల మీద నియమం ఇంకా గట్టి చేశారు. కానీ ప్రజలకు మేలు పెద్దదైతే ఇవ్వాలని అదే చట్టంలో ఉంది. అదీ కాక, నామినేషన్‌తో ఇచ్చిన కాగితం ఒకసారి నోటీసు బోర్డు ఎక్కింది. అది అందరూ చూసిన కాగితమే. ఆ మాట దరఖాస్తులో రాయండి.

ఒంటరిగా వెళ్లకండి. ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. సమాచారం అడిగినందుకు దెబ్బలు తిన్నవాళ్ళు, ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు దేశంలో ఉన్నారు. సంఘంలో పదిమంది కలిసి వెళ్లండి. దరఖాస్తు మీద పదిమందీ సంతకం పెట్టండి. ఊళ్ళో "ఫలానాయన దొంగ" అని ముందే అనకండి. కాగితం వచ్చేదాకా అది మాట మాత్రమే. మాట మీద పరువు నష్టం కేసు మన మీదే పడుతుంది.

కింద ఒక నమూనా ఇస్తున్నాను. మీ నోటు పుస్తకంలో చూసి రాయండి. చుక్కలున్న చోట మీ ఊరి పేరు, వివరాలు నింపండి.

పౌర సమాచార అధికారి గారికి,
మండల పరిషత్ కార్యాలయం, ........ మండలం.

అయ్యా / అమ్మా,
సమాచార హక్కు చట్టం, 2005 కింద ఈ కింది కాగితాల నకళ్లు ఇప్పించగలరు.
........ గ్రామ పంచాయతీకి ........ సంవత్సరంలో జరిగిన ఎన్నికలో సర్పంచిగా గెలిచిన వారు నామినేషన్‌తో ఇచ్చిన ఆస్తులు, అప్పులు, కేసుల ప్రకటన. అది నోటీసు బోర్డు మీద అందరికీ చూపిన కాగితం.
ఆ ఎన్నికలో వారు ఇచ్చిన ఖర్చు లెక్క.
ఫీజు 5 రూపాయలు జతచేశాం.

ఇట్లు,
........ గ్రామం మహిళా సంఘం సభ్యులు
(సంతకాలు)

రెండు ప్రతులు రాయండి. ఒకటి ఆఫీసులో ఇవ్వండి. రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి. ఆ తేదీ నుంచే 30 రోజులు లెక్క. మా కేంద్రంలో ఆ రెండో ప్రతి పెద్దమ్మ దగ్గర ఉంది. బియ్యం డబ్బాలో, రేషను కార్డు కింద పెట్టింది. రోజూ సాయంత్రం కేంద్రానికి వచ్చి గోడ మీద క్యాలెండరులో ఒక గీత గీస్తోంది.